చంక కింద అతుకు

మిషను గొంతులో నూనెచుక్కలు వేసి, చక్రాన్ని అరచేత్తో మెల్లగా తిప్పుతూ చెవి వంచి విన్నాడు ఉలిగప్ప. కిర్రుమనలేదు. ఎవరి గుడ్డకూ నూనె మరక అంటకూడదని పాత పేలిక మీద ఒక వరస ఉత్తకుట్టు వేశాడు. పేలిక తెల్లగానే బయటికి వచ్చింది. రోజూ మాదిరే "స్తోత్రం తండ్రీ" అని గొణుక్కొని మెడలో టేపు వేసుకున్నాడు. ఇంక ఆయన పగలు మొదలైనట్టే.

హిందూపురంలో చింతపండు మండీల వెనక సందులో ఉంది ఆ అంగడి. గాలి అటునుంచి వీస్తే నోట్లో పులుపు ఊరుతుంది. ఒక మిషను, కత్తిరించే బల్ల, గోడకు కొట్టిన మేకులకు వేలాడే బట్టలు, కింద చాప మీద కూర్చొని హుక్కులు కుట్టే భార్య ప్రేమలత. చెక్కగోడకు అవతల షరీఫ్ మిషను. ఒకే గదిని ఇద్దరూ చెరి సగం చేసుకున్నారు. ఇవతల దగ్గితే అవతల "ఏమన్నా, నీళ్ళు తాగు" అంటాడు షరీఫ్.

ఉలిగప్ప పొడుగాటి మనిషి. మిషను ముందర కూర్చొని కూర్చొని వీపు వంగింది. కత్తెర పట్టే బొటనవేలు మీద చర్మం గట్టిపడి గవ్వలాగా మెరుస్తుంటుంది. ముక్కు మీదికి జారే కళ్ళద్దాలు, నెరిసిన తల మీద ఎప్పుడూ ఏదో ఒక రంగు దారప్పోగు. కనగానపల్లి దగ్గరి పల్లెలో కూలి చేసుకొని బతికిన ముత్యాలప్ప కొడుకు. చర్చివాళ్ళు నడిపిన కుట్టుబడిలో పని నేర్చుకొని, పెండ్లి చేసుకొని, ఈ ఊరు వచ్చి ఈ సందులోనే ముసలివాడయ్యాడు. బాప్తిస్మంలో ఫిలిప్పని పేరు పెట్టినారు గాని, ఆ పేరు చర్చి అయ్యగారికి తప్ప ఎవరికీ గుర్తులేదు. ఒక్కగానొక్క కూతురు ధర్మవరంలో కాపురం చేసుకుంటోంది. చెప్పుకోవాలంటే ఆయన బతుకు ఇంతే.

అయితే ఆ బజారులో ఆయనకు ఒక పేరుంది. ఆయన ఏ రోజు చెబితే ఆ రోజుకు బట్టలిస్తాడు.

టైలరు 'రేపు రా' అన్నాడంటే ఎన్ని రేపులో ఎవరికీ తెలియదు. ఉలిగప్ప కూడా ఒకప్పుడు అట్లా అన్నవాడే. ఒక ఆదివారం అయ్యగారు మాట నిలకడ గురించి వాక్యం చెప్పినారు. అవునంటే అవునని ఉండాలి, కాదంటే కాదని ఉండాలి అన్నారు. విన్నవాళ్ళంతా అది పక్కవాళ్ళకు చెప్పినారనుకొని ఇంటికి పోయి కోడికూర తిన్నారు. ఉలిగప్ప మాత్రం అన్నం ముందర కూర్చొని, "ప్రేమలతా, అబద్ధం చెప్పకుండా టైలరు పని చేయొచ్చునంటావా?" అని అడిగాడు. ఆమె నవ్వి, "చెయ్యొచ్చు. సగం మందిని ఎనక్కి పంపియ్యాల" అంది. మర్నాటి నుంచి ఆయన చేసిందదే. "ఈ వారం కాదమ్మా. షరీఫుకు ఇయ్యి, బాగా కుడతాడు" అని పంపేసేవాడు. షరీఫ్ ఆ గుడ్డ తీసుకొని, చెక్కగోడ పక్కనుంచే గట్టిగా, "రేపొచ్చి తీసుకపోమ్మా!" అనేవాడు. ఇవతల ప్రేమలత కొంగు నోట్లో కుక్కుకొని నవ్వేది.

ఆడవాళ్ళు కొలతలకు ఆది జాకెట్టు తెస్తారు. తేనివాళ్ళకు ప్రేమలతే టేపు పట్టి కొలుస్తుంది. ఆ పూటకు ఉలిగప్ప సందులోకి పోయి నిలబడతాడు. కత్తిరించగా మిగిలిన ముక్క అరచేయంత ఉన్నా మడిచి జాకెట్టు లోపల పెట్టి ఇస్తాడు. "ఇదెందుకన్నా?" అంటే, "మీదేగదమ్మా" అంటాడు. అంతకుమించి వాళ్ళకు ఏ బోధా చేయడు.

ఆ ఏడు కార్తీకమూ రంజానూ ఒకే నెలవంకతో వచ్చినాయి. ఒకపక్క పెండ్లి జాకెట్లు, ఒకపక్క పండగ గౌన్లు. షరీఫ్ ఉపవాసం ఉండి, మధ్యాహ్నమయ్యేసరికి పెదాలు ఎండి, పాటలు పాడటం మానేశాడు. ఆ నెలంతా ఉలిగప్పా ప్రేమలతా అంగట్లో సద్ది విప్పరు. ఇంటికి పోయి తిని వస్తారు. ఎందుకని షరీఫ్ అడగలేదు, వాళ్ళూ చెప్పలేదు.

ఆ శనివారం పొద్దున హుక్కులు అయిపోతే ఉలిగప్ప పెద్దబజారుకు పోయి తెచ్చుకున్నాడు. తిరిగొచ్చి అంగట్లో కాలు పెట్టగానే గోడ వైపు చూశాడు. నేరేడుపండు రంగు పట్టు జాకెట్టు వేలాడుతుండాల్సిన మేకు ఖాళీగా ఉంది.

"ఆ పెండ్లి జాకెట్టు యాడ?"

"కదిరమ్మ మరిది వచ్చినాడు పెనుకొండ నుంచి. బండి ఆపకుండానే 'జాకెట్టియ్యమ్మా' అన్నాడు. మడిచి ఇచ్చి పంపిస్తి" అంది ప్రేమలత.

ఉలిగప్ప బల్ల అంచు పట్టుకొని కూర్చున్నాడు.

ముందురోజు సాయంత్రం ఆ జాకెట్టు దగ్గర ఒక తప్పు జరిగింది. కదిరమ్మ పెనుకొండలో ఉంటుంది. ఆమె కూతురు నాగమణికి ఆదివారం తెల్లవారుజామున పెండ్లి. ధర్మవరంలో మగ్గం మీద ఉన్నప్పుడే చెప్పి నేయించుకున్న చీర. రవిక గుడ్డ ఆ చీరలోంచి వచ్చిందే. జరీ అంచు చేతుల మీదికి రావాలంటే మడిచి కత్తిరించడానికి గుడ్డ చాలలేదు. ఒక్కొక్క చెయ్యి విడిగా కత్తిరించాడు. రెండోదాన్ని తిరగేసి పెట్టడం మరిచిపోయాడు. పక్కపక్కన పరిచి చూస్తే రెండూ ఎడమచేతులే! మొదటిసారి మిషను తొక్కిన పిల్లవాడు చేసే తప్పు.

షరీఫ్ లేచి వచ్చి చూశాడు. "ఓస్, దీనికేనా? మిగిలిన ముక్కతో చంక కింద అతుకెయ్యన్నా. పెండ్లికూతురేమన్నా చెయ్యెత్తి ఊరికంతా చూపిస్తాదా?"

అతుకే వేశాడు. జరీ గీతకు గీత, పోగుకు పోగు కలిపి, లోపల మడిచి, ఇస్త్రీ చేశాడు. అంత సన్నటి కుట్టు తను ఎప్పుడూ వేయలేదు. పొద్దున కదిరమ్మే వస్తుంది గదా, అతుకు చూపించి చెప్పి ఇద్దామనుకున్నాడు.

"మొదులే నాతో చెప్పింటే ఆపుతాంటి గదా" అంది ప్రేమలత. ఎవరికీ తెలియదులే అనే మాట ఆమె నోటిదాకా వచ్చింది. కానీ దాన్ని మింగి, చేతిలోని హుక్కుకు ముడి వేసింది. ఈ మనిషి ఆ మాటతో నిద్రపోలేడని ఆమెకు తెలుసు. పెండ్లింట్లో ఫోను లేదు. "పెనుకొండ బస్సు ఇప్పుడుంటాదేమో చూడు" అంది.

"పోతే జమ్రూద్ గౌన్ల గతేమి?"

అదీ ముడి. జమ్రూద్ సందు చివర ఇంట్లో ఉంటుంది. పండక్కు ఇద్దరు ఆడపిల్లల్ని తీసుకొని ఆ సాయంత్రమే కదిరికి పుట్టింటికి పోతోంది. ఉపవాసం విడిచే వేళకు గౌన్లు ఇస్తానని ఉలిగప్ప మాటిచ్చాడు. కత్తిరించినవి కత్తిరించినట్టే బల్ల మీద ఉన్నాయి. పోతే ఆ మాట పోతుంది. పోకపోతే పెండ్లికూతురు తనకు తెలియని అతుకు తొడుక్కొని పీటల మీద కూర్చుంటుంది.

చెక్కగోడ అవతల మిషను ఆగింది. షరీఫ్ వచ్చి, ఒక్కమాట అడక్కుండా, గౌన్ల ముక్కలన్నీ చుట్టగా చుట్టి చంకలో పెట్టుకున్నాడు.

"నీకే తలెత్తలేనంత పని ఉండాది గదా షరీఫూ!"

"నా మాట దినామూ పోతాంటాదన్నా, జనాలకు అలవాటే. నీది ఒక్కనాడు పోయిందనుకో, ఈ బజారులో ఇంక టైలరన్నవాన్ని ఎవురన్నా నమ్ముతారా? నువ్వు పో. వదినా, కుచ్చులెట్ల పెట్టాలో నువ్వు చెప్పు, నేను తొక్కుతా."

ఉలిగప్ప టేపు, కత్తెర, సూదీదారం సంచిలో వేసుకొని బస్టాండు దారి పట్టాడు.

బస్సులో కిటికీ పక్కన సీటు దొరికింది. వేరుశెనక్కాయలు పీకేసిన చేన్లు, చింతతోపులు, రాళ్ళగుట్టలు వెనక్కి పోతున్నాయి. ఎట్లా మొదలుపెట్టాలో పెదవులు కదిలిస్తూ అనుకున్నాడు. తప్పయిందమ్మా అనాలా, ముందు పెండ్లి ఎట్లా జరుగుతాండాదని అడగాలా? పక్కన కూర్చున్న పెద్దాయన కన్నడంలో ఏదో అడిగితే కన్నడంలోనే జవాబు చెప్పి, మళ్ళీ తన మాటలు తను అనుకున్నాడు. పెనుకొండ కొండ కనిపించేసరికి అనుకున్నవన్నీ మరిచిపోయాడు.

పెండ్లిల్లు వెతుక్కునే పని లేకపోయింది. మేళం వినిపిస్తున్న వైపు నడిచాడు. కొత్త పందిరి, కొబ్బరాకుల పచ్చివాసన, పెద్దపెద్ద గుండిగల్లో ఉడుకుతున్న పప్పు. కదిరమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకొని ఎవరినో కేకలేస్తోంది. ఈయన్ని చూడగానే మొహం విప్పారింది.

"టైలరన్నా! పెండ్లికొచ్చినావా? చెప్పనన్నా చెప్పలేదు నేను! రా, రా, అన్నం తిందువు రా."

"అన్నం తరవాత కదిరమ్మా. నేనొక తప్పు చేసినా. చెప్పనీకి వచ్చినా."

పందిరి కింద పసుపు కలుపుతున్న ఆడవాళ్ళు తలలెత్తారు. ఉలిగప్ప కళ్ళద్దాలు తీసి తుడుచుకుంటూ చెప్పాడు. రెండు చేతులూ ఎడమచేతులుగా కత్తిరించినాననీ, చంక కింద అతుకు వేసినాననీ, చెప్పి ఇద్దామనుకుంటే జాకెట్టు ముందే వచ్చేసిందనీ దాచకుండా చెప్పాడు.

మేళం ఆగలేదు గాని, పసుపు కలిపే చేతులు ఆగినాయి.

"అతుకు జాకెట్టా! పెండ్లికూతురికా!" అంది పెండ్లికూతురి మేనత్త. "శుభమా అని పీటలమీద కూచునేటప్పుడు అతుకు గుడ్డ తొడుగుతారా యాడన్నా? ఈయప్ప ఆ దేవుని మనిషి, మన శకునాలు ఆయప్పకేం తెలుస్తాయి!"

కదిరమ్మ మొహం మాడింది. "అన్నా, నువ్వేగదా బాగా కుడతావని అంత దూరం తెస్తిని" అంది. గొంతు పెంచలేదు. ఆ మాటే ఉలిగప్పకు ఎక్కువ గుచ్చుకుంది.

"తప్పే తల్లీ. మీకు మనసు ఒప్పకపోతే ఇప్పుడే ధర్మవరం పోతా. ఆ రంగు పట్టు యాడున్నా ఎతికి తెస్తా. ఈ ఊర్లో ఎవురి మిషనైనా అడుక్కొని, పొద్దు మునిగేలోపల కొత్తది కుట్టి ఇస్తా. కత్తెర తెచ్చుకున్యా" అని సంచి తెరిచి చూపించాడు.

లోపలి గదిలోంచి నాగమణి వచ్చింది. ఒంటినిండా పసుపు, నుదుట పెద్ద కుంకుమబొట్టు. చేతిలో జాకెట్టు. "యాడుండాది అతుకు?" అంది.

"కుడిచేతికి, చంక కింద."

ఆమె కుడిచేయి తిరగేసి చూసింది. వెలుతురుకు పెట్టి చూసింది. "నాకు కనపడలే."

మేనత్త లాక్కొని కళ్ళ దగ్గరికి తెచ్చుకొని వెతికింది. "ఇదేనా?" అంది. "అది కుట్టు" అన్నాడు ఉలిగప్ప. పసుపు చేతులు కడుక్కొని ఇంకొకామె చూసింది. ఆమె ఎడమచేతిలో అతుకు కనిపెట్టింది. అక్కడ అతుకే లేదు. అందరికీ పట్టుదల వచ్చింది. ఒకరి చేతిలోంచి ఒకరు గుంజుకుంటుంటే, "చినుగుతాదమ్మా, చినిగితే ఇంకో అతుకెయ్యాల!" అన్నాడు ఉలిగప్ప భయంగా. నాగమణి పక్కున నవ్వింది. పెండ్లి కుదిరినప్పటినుంచి ఆ పిల్ల అట్లా నవ్వడం కదిరమ్మ చూడలేదు.

మూలన మంచం మీద కూర్చున్న నల్లమ్మవ్వ, పెండ్లికూతురి జేజి, "ఇట్ల తేండి" అంది. ఆమెకు చూపు సరిగా ఆనదు. వేళ్ళతో తడిమింది. చంక దగ్గరికొచ్చి వేళ్ళు ఆగినాయి. "ఈడ" అంది. "పక్షి ఈక మాదిరుండాది."

"అదే అవ్వా" అన్నాడు ఉలిగప్ప.

"ఎందుకు చెప్పనీకొస్తివి నాయనా? గుడ్డిదాన్ని, నేను తప్ప ఎవురూ పట్టలేరు గదా."

ఉలిగప్ప కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. దేవుడి పేరెత్తితే బోధ చెప్పినట్టుంటుందని ఆగాడు. "మీకందరికీ జాకెట్టు కనపడుతుంది అవ్వా. నాకు ఈ పిల్ల పెండ్లి తలుచుకున్నప్పుడల్లా అతుకే కనపడేది."

నల్లమ్మవ్వ జాకెట్టు మడిచి మనవరాలి చేతిలో పెట్టింది. "నా కాపురమంతా అతుకులేనే. మీ తాత తాగొస్తే ఒక అతుకు, వానలు రాకపోతే ఒక అతుకు. అయినా నిలిచింది. దాపరికం ఉన్న ఇండ్లే నిలవలే. ఇది ఏసి చెప్పిన అతుకు. తొడుక్కో."

"నేను ఇదే తొడుక్కుంటా" అంది నాగమణి, మేనత్త నోరు తెరవకముందే.

మేనత్త గొణిగింది గాని, గొణుగుతూనే పోయి విస్తరి తెచ్చి ఉలిగప్ప ముందర వేసింది. కదిరమ్మ దగ్గర కూర్చొని వడ్డించింది. పప్పు, వంకాయ కూర, బెల్లం ఓళిగలు, వాటి మీద నెయ్యి. "ఇంకొకటి", "చాలమ్మా", "చాలని తప్పు చేసినోళ్ళు అనగూడదు" అంటూ వేసింది. అన్నం ముందర ఆయన ఒక్క నిమిషం ప్రార్థనకు కళ్ళు మూసుకుంటే, మేళగాళ్ళ పక్కన కూర్చున్నవాళ్ళు కూడా తినడం ఆపి ఆయన కళ్ళు తెరిచేదాకా చూశారు. పోయేటప్పుడు నాగమణి వంగి కాళ్ళకు మొక్కబోతే పట్టుకొని లేపాడు. "దేవుడు నిన్ను సల్లగా చూస్తాడు తల్లీ" అన్నాడు. ఆ మాట మాత్రం ఆపుకోలేకపోయాడు.

తిరుగు బస్సులో జనం కిక్కిరిసి ఉన్నారు. ఊచ పట్టుకొని నిలబడ్డాడు. ఎడమభుజం లాగుతోంది. ఊచ పట్టినందుకేమో అనుకొని చేయి మార్చాడు. కిటికీలోంచి చల్లగాలి వస్తోంది. ఒళ్ళో ఓళిగల పొట్లం పెట్టుకొని కూర్చున్న ఒక ముసలామె ఈయన్ని చూసి, "ఏమప్పా, ఒగడివే నగుతాండావు?" అంది. తను నవ్వుతున్నట్టు ఉలిగప్పకు అప్పుడే తెలిసింది.

సందులోకి వచ్చేసరికి ఎండ గోడల మీదికి పాకింది. షరీఫ్ మిషను దగ్గర కూర్చొని ఆఖరి కుచ్చు తొక్కుతున్నాడు. ప్రేమలత రెండో గౌనుకు గుండీలు కుడుతోంది. షరీఫ్ తను కుట్టాల్సిన బట్టలన్నీ మూల కుప్పగా పడి ఉన్నాయి. ఉలిగప్పను చూసి షరీఫ్ తల ఎత్తకుండానే, "ఏమన్నారు?" అన్నాడు.

"అన్నం పెట్టినారు."

"అట్లనా! మేం ఈడ ఎండిపోతాంటే నువ్వు పెండ్లి భోజనం చేసొస్తివా?" అని షరీఫ్ పగలబడి నవ్వాడు. ఎండిన పెదవి చిట్లి రక్తం చుక్క వచ్చింది. తుడుచుకొని మళ్ళీ నవ్వాడు.

జమ్రూద్ పిల్లల్ని చెరొక చేత్తో పట్టుకొని వచ్చేసరికి గౌన్లు ఇస్త్రీ అయి బల్ల మీద ఉన్నాయి. చిన్నపిల్ల అక్కడికక్కడే తొడుక్కొని గిర్రున తిరిగింది. కుచ్చులు గొడుగులాగా విచ్చుకున్నాయి. "నీ చెయ్యి వేరే కదా మామా, చూస్తానే తెలుస్తాది" అంది జమ్రూద్.

"ఇది నా చెయ్యి కాదు జమ్రూదూ. షరీఫు కుట్టినాడు" అన్నాడు ఉలిగప్ప.

"అన్నా, అది గూడా చెప్పాల్నా!" అని షరీఫ్ తల పట్టుకున్నాడు. జమ్రూద్ నవ్వుతూ, "అట్లయితే వచ్చే పండక్కు షరీఫన్నకే ఇస్తాలే" అని పిల్లల్ని తీసుకొని బస్టాండు వైపు పోయింది.

మసీదులోంచి పిలుపు వినిపించింది. షరీఫ్ ఖర్జూరం నోట్లో వేసుకొని, ఉలిగప్ప చేతిలో ఒకటి పెట్టి నమాజుకు పోయాడు. ప్రేమలత పొయ్యి ముట్టించాలని ఇంటికి బయలుదేరింది. "నువ్వు గూడా రా, అలిసిపోయినావు."

"పద, ఎనకనే వస్తా. చిన్న పనుండాది."

ఆమె మలుపు తిరిగేదాకా చూసి, బల్ల కింద దాచిన చిలకపచ్చ గుడ్డ బయటికి తీశాడు. క్రిస్మస్‌కు ఆమెకు జాకెట్టు. ఏటా ఊరందరివీ అయినాక, పండగ పొద్దున హడావుడిగా కుట్టేవాడు. ఈసారి ఆమెకు తెలియకుండా ముందే కుట్టి చేతిలో పెడదామనుకున్నాడు. సూదిలో దారం ఎక్కించాడు. ఏదో పాట, చర్చిలో పాడేదే, గొంతులో తిరుగుతోంది. మిషను మెల్లగా కదిలింది.

షరీఫ్ మసీదు నుంచి గిన్నెలో వేడి గంజి తీసుకొని వచ్చాడు. "అన్నా, నీ వంతు" అంటూ లోపలికి అడుగు పెట్టాడు. ఉలిగప్ప మిషను బల్ల మీద చేతులు పెట్టి, చేతుల మీద తల ఆనించి ఉన్నాడు. ప్రార్థన చేసుకుంటున్నాడేమోనని షరీఫ్ గిన్నె పట్టుకొని గడప దగ్గరే నిలబడ్డాడు. గంజి మీద ఆవిరి తగ్గేదాకా నిలబడ్డాడు. తర్వాత గిన్నె కింద పెట్టి, దగ్గరికి పోయి, భుజం మీద చెయ్యి వేశాడు.

ఆదివారం సాయంత్రం సందులోని జనమంతా సమాధుల తోటదాకా ఆయన పెట్టె వెంట నడిచారు. పాటలు పాడేవాళ్ళు పాడుతూ, పాడటం రానివాళ్ళు ఊరికే నడుస్తూ. వాళ్ళలో చాలామంది ఒంటి మీద ఆయన కుట్టిన గుడ్డలే. ప్రేమలత ఏడ్చింది. మధ్యమధ్యలో ఎవరికో ఏదో చెబుతూ నవ్వింది కూడా. ఆయన్ని గురించి చెప్పుకునే మాటల్లో నవ్వు రాని మాట దొరకడం కష్టంగా ఉంది ఎవరికైనా.

అంగట్లో మిషను మీద చిలకపచ్చ జాకెట్టు అట్లానే ఉంది. సూది గుడ్డలోకి దిగి ఉంది, రీలు నుంచి సూదిదాకా దారం ఇంకా తెగలేదు.